నైరోబీలో ఆ ఒక్క రోజు

ప్రశ్న: ఆగస్టులో మేమిద్దరం తొమ్మిదేళ్ల మనవడిని తీసుకుని కెన్యాలోని మసాయి మారా సఫారీకి వెళుతున్నాం. మారాకు బయలుదేరే ముందు నైరోబీలో ఒక పూర్తి రోజు మిగులుతోంది. హోటల్లో విశ్రాంతి తీసుకోవడమే మేలని కొందరంటున్నారు. చూడదగినవేమైనా ఉన్నాయా? మేము శాకాహారులం.
– ఒక పాఠకురాలు, సీతమ్మధార, విశాఖపట్నం

జవాబు: హోటల్ గదిలో గడపవలసిన రోజు కాదమ్మా అది. అయితే ఊరంతా చుట్టి రావాలనుకుంటే ట్రాఫిక్‌లోనే పూట గడిచిపోతుంది కాబట్టి, నగరానికి నైరుతి దిక్కున ఉన్న లంగాటా ప్రాంతాన్ని ప్రధానంగా పెట్టుకోండి.

అక్కడ నైరోబీ నేషనల్ పార్కు అంచున, షెల్డ్రిక్ వైల్డ్‌లైఫ్ ట్రస్టు తల్లిని కోల్పోయిన ఏనుగు పిల్లలను పెంచుతోంది. సందర్శకులను ఉదయం 11 నుంచి 12 గంటల వరకే, అదీ ముందుగా బుక్ చేసుకున్నవారినే రానిస్తారు కనుక టికెట్ల సంగతి ఇక్కడి నుంచే చూసుకోండి. గున్నలు వరసగా పరుగెత్తుకొచ్చి, సంరక్షకులు పట్టుకున్న పెద్ద పెద్ద సీసాల పాలు గుక్క తిప్పుకోకుండా తాగి, ఎర్రమట్టి బురదలో పొర్లుతాయి. ఆవుపాలు వాటికి సరిపడవు. ట్రస్టును స్థాపించిన డాఫ్నీ షెల్డ్రిక్ ఏళ్ల తరబడి ప్రయత్నించి, కొబ్బరి కొవ్వు కలిపిన పాలతో వాటిని బతికించే మార్గం కనుగొన్నారు. రాత్రిళ్లు సంరక్షకులు వాటి పక్కనే పడుకుంటారు. కాస్త ఎదిగాక సావో అడవులకు తరలించి, క్రమంగా అడవి మందల్లో కలిసేలా చూస్తారు. వేట, కరవు, మనుషులతో ఘర్షణ ఈ పిల్లలను అనాథలను చేస్తున్నాయి. మన మన్యం, శ్రీకాకుళం పల్లెల్లో ఏనుగులతో పడుతున్న బాధ తెలిసిన మీకు ఇది కొత్త కాదు. ఈ గంట గడిపి వెళితే మారాలో మందను చూసేటప్పుడు, పెద్ద ఏనుగుల మధ్య నడిచే గున్న మీదికే మీ చూపు ముందుగా పోతుంది.

దగ్గరలోనే జిరాఫీ సెంటర్ ఉంది. ఎత్తైన చెక్క వేదిక మీద నిలబడి మేత గుళికలు అందిస్తే, జిరాఫీలు నల్లని పొడవాటి నాలుకతో చేతిలోంచి తీసుకుంటాయి. మీ మనవడికి ఇదే పండగ.

1946లో ఏర్పడిన నేషనల్ పార్కును మాత్రం, మారాకు ఎలాగూ వెళుతున్నారు కనుక, నల్ల ఖడ్గమృగాలను చూడాలన్న కోరిక గట్టిగా ఉంటే తప్ప వదిలేయవచ్చు. మధ్యాహ్నం ఓపిక మిగిలితే నేషనల్ మ్యూజియానికి వెళ్లండి. 1984లో తుర్కానా సరస్సు సమీపంలో బయటపడిన, సుమారు 15 లక్షల ఏళ్లనాటి ఆదిమానవ బాలుడి అస్థిపంజరం అక్కడిదే. చనిపోయేనాటికి ఆ బాలుడికి ఇంచుమించు మీ మనవడి వయసే ఉంటుందని పరిశోధకుల అంచనా.

భోజనానికి బెంగ అక్కరలేదు. 1896లో రైలుమార్గం పనులు మొదలైన కాలం నుంచీ కెన్యాలో భారతీయులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. పార్క్‌లాండ్స్ వైపు గుజరాతీ శాకాహార భోజనం సులువుగా దొరుకుతుంది.

నైరోబీ దాదాపు 1,700 మీటర్ల ఎత్తున, అంటే అరకుకు సుమారు రెట్టింపు ఎత్తున ఉంది. ఆగస్టులో ఉదయం పూట చలిగా ఉంటుంది కనుక అందరికీ స్వెటర్లు పెట్టుకోండి. 2017 నుంచి కెన్యాలో ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు నిషేధం కాబట్టి సామాను గుడ్డ సంచుల్లో సర్దండి. మారాకు చిన్న విమానంలో వెళ్లేటట్లయితే సామాను సాధారణంగా మనిషికి 15 కిలోలు మించకూడదు, అదీ మెత్తని బ్యాగుల్లోనే. అన్నిటికంటే ముఖ్యం ఎల్లో ఫీవర్ టీకా. కనీసం పది రోజుల ముందు అధీకృత కేంద్రంలో వేయించుకుని, ధ్రువపత్రాన్ని పాస్‌పోర్టుతోపాటే ఉంచండి. అది లేకుండా కెన్యా నుంచి తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే ఆపి క్వారంటైన్‌కు పంపే అవకాశం ఉంది.