స్లో లెర్నర్ అన్నారు సరే, ఎక్కడ ఆగిపోతోందో చూశారా?

ప్రశ్న: మా అమ్మాయి ఏడో తరగతి. ఇంట్లో చురుగ్గానే ఉంటుంది, చెప్పిన పని చక్కగా చేస్తుంది. చదువు దగ్గరికి వచ్చేసరికి వెనకబడిపోతోంది. లెక్కలు, సైన్స్ మరీ కష్టం. ఈమధ్య క్లాస్ టీచర్ పిలిపించి ‘మీ అమ్మాయి స్లో లెర్నర్’ అన్నారు. రోజూ రెండు గంటలు ట్యూషన్‌కి పంపుతున్నా మార్పు లేదు. స్కూలు మార్చమంటారా? ఇలాంటి పిల్లలకు ముందు ముందు ఏ కెరీర్ నప్పుతుంది? – ఒక తల్లి

జవాబు: కెరీర్ సంగతి చివర్లో మాట్లాడుకుందామండీ. పన్నెండేళ్ల పిల్ల ఏ ఉద్యోగం చేయాలో ఇప్పుడే తేల్చేయాల్సిన తొందరేమీ లేదు. ముందు తేలాల్సింది ఇంకొకటి ఉంది. తను సరిగ్గా ఎక్కడ ఆగిపోతోంది? టీచర్ చెప్పిన మాటలో దానికి జవాబు లేదు.

స్లో లెర్నర్ అనేది జబ్బు పేరు కాదు. ఐక్యూ పరీక్షలో సుమారు 70 నుంచి 85 మధ్య వచ్చే పిల్లల గురించి మానసిక నిపుణులు ఈ మాట వాడుతుంటారు. ఆ పరీక్షల్లో సగటు 100. వాటిని తయారుచేసిన లెక్క ప్రకారం దాదాపు 14 శాతం మంది ఈ మధ్యలో ఉంటారు. అంటే నలభై మంది ఉన్న క్లాసులో ఐదారుగురు ఉన్నా వింతేం లేదు. వీళ్లు ప్రత్యేక పాఠశాలకు వెళ్లాల్సినవాళ్లు కారు. అలాగని మామూలు క్లాసు పరుగూ అందుకోలేరు. దాంతో ఎవరికీ పట్టకుండా మిగిలిపోతారు. ఇక స్కూళ్లలోనైతే మార్కులు తగ్గిన ప్రతి పిల్లకూ ఇదే ముద్ర వేసేస్తుంటారు. మీ అమ్మాయికి ఏ పరీక్షా చేయించినట్టు మీరు రాయలేదు. కాబట్టి ప్రస్తుతానికి దాన్ని టీచర్ అభిప్రాయంగానే తీసుకోండి.

కళ్లు, చెవులు ఒకసారి పరీక్ష చేయించండి. బోర్డు మసకగా కనిపించే పిల్లలు ఆ మాట చెప్పరు, అందరికీ అలాగే కనిపిస్తుందనుకుంటారు. రక్తహీనత, నిద్ర చాలకపోవడం కూడా చూసుకోవాలి. మాట్లాడుతూ మాట్లాడుతూ కొన్ని సెకన్లు అలా చూస్తూ ఉండిపోయి, తర్వాత ఏమీ జరగనట్టు మామూలైపోతుంటే మాత్రం ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టర్‌కి చెప్పండి. ఒక రకం మూర్ఛ ఇలాగే ఉంటుంది, క్లాసులో దాన్ని పరధ్యానం అనుకుంటారు.

తర్వాత ఇంట్లోనే ఓ పని చేయండి. సైన్స్‌లో ఇంకా చదవని పాఠం ఒకటి తీసుకుని, ఒక పేజీ మీరే నెమ్మదిగా చదివి వినిపించండి. నోటితోనే నాలుగు ప్రశ్నలు అడగండి. ఇంకో పేజీ తననే చదువుకోమని, మళ్లీ నాలుగు అడగండి. విన్నది బాగా చెప్పి, చదివింది చెప్పలేకపోతే చిక్కు తెలివిలో లేదు, చదవడంలో ఉందని అనుమానించాలి. డిస్‌లెక్సియా అలాంటిదే. అది ఉన్న పిల్లల్లో చాలా తెలివైనవాళ్లు ఉంటారు, వాళ్లకు కావాల్సిన శిక్షణ వేరు. రెండూ చెప్పలేకపోతే పాఠంలోని భాషే అర్థం కావట్లేదేమో చూడాలి. ఇంట్లో ఒక భాష, స్కూల్లో ఒక భాష అయిన పిల్లలకు ఇది మామూలే. ఇంతతో నిర్ధారణ అయిపోదు. కానీ సరైన పరీక్ష చేయించడానికి సైకాలజిస్ట్ దగ్గరికి వెళ్లినప్పుడు చెప్పడానికి మీ దగ్గర గట్టి సమాచారం ఉంటుంది.

లెక్కల విషయానికొస్తే పాత నోటు పుస్తకాలు ముందేసుకుని కూర్చోండి. మార్కులు చూడొద్దు, తప్పులు చూడండి. ఉదాహరణకు 503లోంచి 278 తీసేయమంటే కొందరు పిల్లలు 375 అని రాస్తారు. సరైన జవాబు 225. అజాగ్రత్త అని తిట్టేస్తాం. కాస్త ఆగి చూస్తే, అలా రాసిన పిల్ల ప్రతి నిలువు వరసలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేసింది: 8లోంచి 3, 7లోంచి 0, 5లోంచి 2. పైన ఏది ఉంది, కింద ఏది ఉంది అన్నది పట్టించుకోలేదు. ఇది పొరపాటు కాదు, తను తయారుచేసుకున్న సూత్రం. అప్పు తెచ్చుకోవడం ఎప్పుడో రెండు మూడు తరగతుల్లో అర్థం కాక, ఆ ఖాళీలో ఇది పుట్టింది. అలాంటి పిల్లతో ఇంకో యాభై తీసివేతలు చేయిస్తే ఆ తప్పు సూత్రమే ఇంకా గట్టిపడుతుంది. భిన్నాల్లో మూడింట ఒకటి, నాలుగింట ఒకటి కలిపి ‘ఏడింట రెండు’ అని రాసే పిల్లలదీ ఇదే కథ. పైన పైన, కింద కింద కూడేస్తారు. ఏడో తరగతిలో కనిపిస్తున్న కష్టం ఏడో తరగతిది కాకపోవచ్చునని చెప్పడానికే ఇదంతా.

మీ ట్యూషన్ ఎందుకు పనిచేయట్లేదో కూడా ఇక్కడే తెలుస్తోంది. స్కూల్లో చెప్పిన పాఠమే, అదే వేగంతో, పొద్దుటి నుంచి అలసిపోయిన పిల్లకు మళ్లీ చెబుతున్నారు. నా సలహా అడిగితే దాన్ని మానిపించండి, లేదా పద్ధతి మార్చమనండి. రోజుకు అరగంట, నలభై నిమిషాలు చాలు. ఆగిపోయిన చోటు నాలుగో తరగతిదైతే నాలుగో తరగతి దగ్గరే మొదలుపెట్టాలి, చిన్నతనంగా అనుకోకూడదు. నేర్చుకున్నది మర్నాడు ఒకసారి, మూడు రోజుల తర్వాత ఒకసారి, వారం తర్వాత ఒకసారి పుస్తకం మూసి చెప్పించాలి. నేర్చుకున్నది తొలి రోజుల్లోనే ఎంత వేగంగా జారిపోతుందో జర్మనీ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ 1885లోనే తన మీద తానే ప్రయోగాలు చేసుకుని రాశాడు. ఎవరైనా మర్చిపోతారు. ఈ పిల్లలకు ఇంకాస్త ఎక్కువసార్లు గుర్తుచేయాలి, అంతే.

ఇక క్లాసు. టీచర్‌ని కలిసినప్పుడు ‘కాస్త ప్రత్యేకంగా చూసుకోండి’ అని అడక్కండి. అంతమంది పిల్లల మధ్య ఆవిడ సరే అని తల ఊపడం తప్ప చేయగలిగింది ఉండదు. చిన్నవి, చేయగలిగినవి అడగండి. ‘పుస్తకం తీయండి, నలభై రెండో పేజీ, మూడో లెక్క, మార్జిన్ కొట్టి తేదీ వేయండి’ అని ఒక్క ఊపిరిలో చెబితే ఇలాంటి పిల్ల పుస్తకం తీసి, పక్కమ్మాయి ఏం చేస్తోందా అని తొంగి చూస్తుంది. ధ్యాస లేక కాదు, ఒకేసారి అన్ని మాటలు బుర్రలో నిలబడవు. ఒక్కొక్కటిగా చెప్పినా, బోర్డు మీద రాసినా సగం టెన్షన్ పోతుంది.

ప్రశ్న అడిగాక ఆగడం ఇంకొకటి. అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యా పరిశోధకురాలు 1970ల్లో సైన్స్ క్లాసులు గమనిస్తే, టీచర్లు ప్రశ్న వేశాక జవాబు కోసం సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని తేలింది. దాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడవుగా వచ్చాయి, వెనకబడ్డారనుకున్న పిల్లలూ నోరు విప్పారు. మూడు సెకన్లేనండీ! ఏ టీచరైనా రేపట్నుంచే చేయొచ్చు. ఇంకా వీలైతే ‘రేపు నిన్ను ఫలానా ప్రశ్న అడుగుతాను’ అని ముందురోజే చెప్పమనండి. సిద్ధపడి వచ్చి అందరి ముందు ఒక్కసారి సరిగ్గా చెప్పిన పిల్ల మర్నాడు చేయి ఎత్తుతుంది. హోంవర్క్‌లో పది లెక్కల బదులు ఐదు ఇవ్వమనడం, మార్కులు క్లాసులో పైకి చదవొద్దనడం కూడా న్యాయమైన కోరికలే. వెనకబడ్డ పిల్లలందర్నీ ఒక సెక్షన్‌లో పడేస్తామంటే మాత్రం ఒప్పుకోకండి. అక్కడ పాఠం నెమ్మదిగా సాగడం అటుంచి, పెట్టుకునే ఆశే తగ్గిపోతుంది.

ఈ నాలుగైదు విషయాల్లో ఒక్కటీ కుదరదని స్కూలు తెగేసి చెబితే, లేదా పిల్లను నలుగురిలో మొద్దు అంటుంటే, అప్పుడు స్కూలు మార్చడం గురించి ఆలోచించండి. కేవలం మార్కుల కోసమైతే వద్దు. కొత్త స్నేహితులు, కొత్త టీచర్ల భారం కూడా తోడవుతుంది.

కెరీర్ గురించి అడిగారు. పుస్తకంలోంచి నెమ్మదిగా నేర్చుకునే పిల్ల చేత్తో నేర్చుకునేవీ నెమ్మదిగానే నేర్చుకుంటుందని అనుకోనక్కర్లేదు. చెప్పిన పని చక్కగా చేస్తుందని మీరే రాశారు కదా. తనకు తెలియని పని ఒకటి, బట్టకు అంచు కుట్టడమో, కంప్యూటర్‌లో చిన్న వీడియో ఎడిట్ చేయడమో, మాటలు తగ్గించి చేసి చూపించండి. ఎన్నోసారికి ఒంటరిగా చేయగలిగింది? వారం తర్వాత అడిగితే గుర్తుందా? ఎవరూ చెప్పకపోయినా ఏ పని దగ్గర గంటసేపు కూర్చుంటోంది? ఇవి ఏడాదిపాటు ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. గడియారంతో పోటీపడే ప్రవేశ పరీక్షల దారి తనకు కష్టం కావచ్చు. ప్రాక్టికల్స్‌కు, చేసి చూపించిన పనికి ఎక్కువ మార్కులుండే కోర్సులు చాలానే ఉన్నాయి. స్లో లెర్నర్ అన్నారు కాబట్టి ఏదో ఒక చేతిపనిలో పెట్టేద్దాం అన్న నిర్ణయానికి మాత్రం ఇప్పుడే రావొద్దు. చదవడంలోనో, తీసివేతల్లోనో ఉన్న ముడి విడిపోతే లెక్క మొత్తం మారొచ్చు.

తొమ్మిదో తరగతికి వచ్చాక మళ్లీ రాయండి. అప్పుడు ఆ పుస్తకం, సైకాలజిస్ట్ రిపోర్టు, రెండేళ్ల లెక్కల నోట్సు దగ్గర పెట్టుకోండి. మార్కుల జాబితా లేకపోయినా ఫర్వాలేదు.