భుజం పట్టీ రహస్యం
గౌను పట్టీ ఒకదానిలో జారి, ఇంకోదానిలో భుజం మీదే ఉన్న రెండు ‘మదామ్ ఎక్స్’ బొమ్మలు పెట్టి ఏది నకిలీ అని అడిగారు కదండీ, ఏదీ కాదు. 1884లో పారిస్ సలోన్ అనే చిత్రకళా ప్రదర్శనలో చిత్రకారుడు జాన్ సింగర్ సార్జెంట్ ఈ చిత్రాన్ని ప్రదర్శించినప్పుడు బొమ్మలో ఉన్న మదామ్ గోత్రో నల్ల గౌను కుడి పట్టీ భుజం మీద నుంచి జారి ఉండేది. ఆ పట్టీ మీద, పాలిపోయిన ఒంటిరంగు మీద ఎంత గగ్గోలు! చిత్రాన్ని తీసేయమని ఆమె తల్లి బతిమాలినా సార్జెంట్ వినలేదు. తర్వాత మాత్రం పట్టీని భుజం మీదికి మార్చి గీశాడు. మీ నలుపు తెలుపు ఫొటో ఆ మార్పుకు ముందుది. రంగులది 1916లో న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియం కొన్న అసలు చిత్రమే. లండన్ టేట్ మ్యూజియంలో అసంపూర్తి ప్రతి ఇంకొకటి ఉంది. అందులో కుడి పట్టీ వేయనే లేదు, చూసి మళ్లీ కంగారు పడకండి. నన్నడిగితే జారిన పట్టీయే బాగుంది.