బిల్లు వెనక్కి వచ్చిందని అమ్మాయి పని మాన్పించకండి

ప్రశ్న: మాది తెనాలి. మా అమ్మాయి డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతూ వీడియో ఎడిటింగ్ చేస్తోంది. హైదరాబాద్‌లోని ఒక ఏజెన్సీకి 12 వీడియోలు చేసి ఇచ్చింది. ఇన్వాయిస్ పంపమంటే నెట్‌లో దొరికిన నమూనా చూసి తయారుచేసింది. అకౌంట్స్ వాళ్లు అది చెల్లదని తిప్పి పంపారు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ చేయించాలా? ఈ టెన్షన్ మనకెందుకు, బ్యాంకు పరీక్షలకు చదువుకో అంటున్నాను. నేను అనేది తప్పా?

జవాబు: మీ ఆందోళన అర్థమైందండీ. కానీ వాళ్లు తిప్పి పంపింది బిల్లునే, వీడియోలను కాదు. పని నచ్చింది, కాగితం సరిగ్గా లేదు. కాగితం రాయడం ఒక సాయంత్రంలో నేర్చుకోవచ్చు. 12 వీడియోలు గడువులోగా చేసి ఇవ్వడం అంత సులువుగా వచ్చే పని కాదు.

మీరు జతచేసిన బిల్లు చూశాను. పైన ‘ట్యాక్స్ ఇన్వాయిస్’ అని ఉంది. 24,000 రూపాయల పనికి 18 శాతం జీఎస్టీ అని 4,320 కలిపి మొత్తం 28,320 వేసింది. అసలు తప్పు ఇక్కడే జరిగింది. జీఎస్టీ నంబరు లేనివాళ్లు బిల్లులో ఆ పన్ను వసూలు చేయకూడదు. అలా వసూలు చేస్తే ఆ సొమ్ము ప్రభుత్వానికి కట్టాల్సిందే, పైగా జరిమానా పడుతుంది. డబ్బు చేతికి రాకముందే బిల్లు వెనక్కి రావడం ఒక విధంగా మంచిదే అయింది. పాత బిల్లు రద్దు చేశామని వాళ్లకు మెయిల్ పెట్టించి, కొత్త నంబరుతో ఇంకోటి పంపించండి.

ఇప్పుడే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. సేవలు అందించేవాళ్లకు ఏడాది మొత్తం బిల్లింగ్ 20 లక్షలు దాటితేనే అది తప్పనిసరి. ‘ఆంధ్రా నుంచి తెలంగాణకు పని చేస్తే వేరే రాష్ట్రం కాబట్టి రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే’ అని కొందరు ఇప్పటికీ చెబుతుంటారు. సేవల విషయంలో ఆ నిబంధనను 20 లక్షల లోపు వాళ్లకు 2017 అక్టోబరులోనే సడలించారు. ఏజెన్సీ పట్టుబట్టి అడిగితే ‘నాకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేదు, నా వార్షిక బిల్లింగ్ పరిమితి లోపే ఉంది’ అని అమ్మాయి సంతకంతో ఒక లెటర్ ఇవ్వండి. చాలా కంపెనీలకు అది సరిపోతుంది.

రిజిస్టర్ కానివాళ్ల బిల్లు ఫలానా ఫార్మాట్‌లోనే ఉండాలని జీఎస్టీ చట్టం పెట్టలేదు. అలాగని ఏదో ఒకటి రాస్తే అకౌంట్స్ వాళ్లు పాస్ చేయరు. శీర్షిక ‘ఇన్వాయిస్’ అని చాలు. నంబరు 2025-26/001 లాగా వరుసలో ఉండాలి, మధ్యలో నంబర్లు ఎగరకూడదు. ఏప్రిల్‌లో మళ్లీ ఒకటితో మొదలుపెట్టుకోవచ్చు. తేదీ, అమ్మాయి చిరునామా, పాన్, అవతల కంపెనీ పూర్తి పేరు, చిరునామా, బ్యాంకు ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ, చివర సంతకం ఉండాలి. ఇప్పటి బిల్లులో ‘వీడియో వర్క్’ అని రెండు ముక్కలే ఉన్నాయి. దాని బదులు ‘ఫలానా నెలలో చేసిన 12 వీడియోల ఎడిటింగ్, ఒక్కోటి 2,000 రూపాయలు’ అని రాస్తే చూసేవాళ్లకు ఇంకో ప్రశ్న ఉండదు. ఎన్ని రోజుల్లో చెల్లించాలో కూడా రాయాలి.

పేరు దగ్గర మాత్రం ఆగి చూసుకోండి. మన దగ్గర పాన్ కార్డులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, బ్యాంకులో ఒక్క అక్షరంతో సరిపెడతారు, కాలేజీ రికార్డుల్లో మరోలా ఉంటుంది. మీ అమ్మాయి బిల్లులో ఏకంగా ఇంట్లో పిలిచే పేరే ఉంది! పాన్‌లో ఎలా ఉందో బిల్లులో అలాగే రాయాలి. బ్యాంకు ఖాతాలో తేడా ఉంటే ముందు అక్కడ సరిచేయించండి. ఇలాంటి చిన్న తేడాకే నెలల తరబడి డబ్బు ఆగిపోయిన పిల్లలను నేను చూశాను.

పాన్ ఎందుకంటే టీడీఎస్ కోసం, అంటే మనకు డబ్బు ఇచ్చేముందే కంపెనీ పట్టుకుని ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్ను. కంపెనీ దీన్ని ప్రొఫెషనల్ ఫీజుగా లెక్కవేస్తే, ఏడాదిలో చెల్లింపులు 50,000 దాటినప్పుడు 10 శాతం పట్టుకుంటుంది. ఈ పరిమితి 2025 ఏప్రిల్‌కు ముందు 30,000 ఉండేది. పాన్ ఇవ్వకపోతే కోత 20 శాతం. అయినా బిల్లులో పూర్తి మొత్తమే వేయాలి, టీడీఎస్‌ను మనమే తీసేసి రాయకూడదు. అలా పట్టుకున్న డబ్బు పోయినట్టు కాదు. ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో ఆమె పాన్ మీద కనిపిస్తుంది, కట్టాల్సిన పన్ను లేకపోతే రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు.

వీలైతే ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న సంస్థల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన నమోదు కూడా చేయించి ఆ నంబరు బిల్లు మీద వేయించండి. ఆధార్‌తో ఆన్‌లైన్‌లో ఉచితంగానే అవుతుంది, ఎవరికీ డబ్బు కట్టొద్దు. ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం చిన్న సంస్థలకు డబ్బు 45 రోజుల్లోపు ఇవ్వాలి. రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులే గడువు. ఆలస్యమైతే వడ్డీ అడిగే హక్కు ఉంటుంది. ఒక్కతే కూర్చుని పనిచేసే అమ్మాయికి ఆ నంబరు పెద్ద అండ.

మున్ముందు 20 లక్షలు దాటితే అప్పుడు రిజిస్ట్రేషన్, బిల్లు మీద జీఎస్టీ నంబరు, సేవ కోడ్, పన్ను వివరాలు వస్తాయి. తెనాలి నుంచి హైదరాబాద్‌కు బిల్లు అంటే జీఎస్టీ రాష్ట్ర కోడ్ 37 (ఆంధ్రా) నుంచి 36 (తెలంగాణ)కు, అంటే రాష్ట్రాల మధ్య పనికి వేసే ఐజీఎస్టీ పడుతుంది. ఆ రోజు వచ్చేసరికి ఆడిటర్‌కు ఫీజు ఇవ్వగలిగే సంపాదన ఉంటుంది లెండి.

బ్యాంకు పరీక్షలు రాయొద్దని నేను అనను. రెండూ చేసుకోనివ్వండి. ఒక్క మాట, ఈ కొత్త బిల్లు మీరు రాసివ్వకండి, అమ్మాయి చేతే రాయించండి. పంపేముందు పాన్ కార్డు, పాస్‌బుక్ పక్కన పెట్టుకుని, పేరులో ఒక్కో అక్షరం, ఖాతా నంబరులో ఒక్కో అంకె ఆమె పైకి చదువుతుంటే మీరు సరిచూడండి.