నాయకత్వం, భద్రత, ప్రజాసేవలపై సర్వేలను ఎంతవరకు నమ్మవచ్చు?

కోట్లమంది ఉన్న దేశంలో వెయ్యి మందిని అడిగితే అందరి మనసూ ఎలా తెలుస్తుందన్నది మీ ప్రశ్న. ఎంపిక యాదృచ్ఛికంగా, అంటే లాటరీ తీసినట్టు జరిగితే తెలుస్తుంది. వెయ్యి మంది నమూనా చెప్పే జవాబుకూ, దేశమంతటి అభిప్రాయానికీ మధ్య తేడా సాధారణంగా సుమారు 3 శాతం పాయింట్లు అటూ ఇటూగా ఉంటుంది, దేశ జనాభా పెద్దదైనా ఆ తేడా దాదాపు మారదు.

అసలు చిక్కు ప్రశ్న వేసే తీరులో ఉంది. అమెరికాకు చెందిన సర్వే సంస్థ గ్యాలప్ శాంతిభద్రతల గురించి చర్చ పెట్టకుండా, మీరుండే ప్రాంతంలో రాత్రిపూట ఒంటరిగా నడిచి వెళ్లడం క్షేమమని అనిపిస్తుందా అని సూటిగా అడుగుతుంది. పోలీసు లెక్కల్లోకి ఎక్కని భయం ఈ ప్రశ్నతో బయటపడుతుంది, ఎందుకంటే ఏనాడూ ఫిర్యాదు చేయనివారు కూడా దీనికి జవాబు చెబుతారు. సేవల విషయమూ అంతే: ఆసుపత్రులు బాగున్నాయా అన్న ప్రశ్నకు వచ్చే జవాబు పార్టీ అభిమానాన్ని బట్టి మారవచ్చు గానీ, గత ఏడాదిలో వైద్యం కోసం లంచం ఇవ్వాల్సి వచ్చిందా అంటే చాలామంది జరిగింది చెబుతారు.

నాయకులకు దక్కే మార్కులను మాత్రం నేను కొంత అనుమానంతోనే చూస్తాను. అడిగేవారిని ప్రభుత్వమే పంపిందనుకున్నవారు జంకి, మెచ్చుకోలు మాటలే చెప్పే అవకాశం ఉంది. అందుకే ఆఫ్రికా దేశాల్లో ప్రజాభిప్రాయం సేకరించే ఆఫ్రోబారోమీటర్ సర్వేలో చివరగా, మమ్మల్ని ఎవరు పంపారని మీరనుకుంటున్నారు అని కూడా అడుగుతారు.