పన్నెండున్నరకు బల్ల దగ్గర ఉండండి

డిజోన్,
సెప్టెంబరు, ఆదివారం రాత్రి

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఈ శరత్తులో పారిస్ నుంచి మీ ఇద్దరూ చెయ్యాలనుకున్న ప్రయాణాల పట్టిక చూశాను. తొమ్మిది వారాంతాలకు పదిహేడు ఊళ్ళు. మీ పెదనాన్నగారికి చూపిస్తే కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివి, "వీళ్ళు చూడటానికి వెళుతున్నారా, జనాభా లెక్కలకు వెళుతున్నారా?" అన్నారు. నవ్వాను గానీ, మా మొదటి ఏడాది పట్టిక కూడా ఇంచుమించు ఇలాగే ఉండేది. అది ఎలా ముగిసిందో చెబితే నీకు నా సలహా సగం అందినట్టే.

1981 అక్టోబరు. యానాం నుంచి వచ్చి రెండు నెలలయింది. ఫ్రాన్సులోని ఈ బుర్గోన్ ప్రాంతంలోనే ఒక చిన్న ఊరికి బయలుదేరాం. దాని పేరు చెప్పను, తప్పు ఊరిది కాదు. దారిలో ఇంకో ఊరు చూసి, ఆదివారం మధ్యాహ్నం రెండుంబావుకు అక్కడ రైలు దిగాం. మొదటి రెస్టారెంటులో కుర్చీలు బల్లల మీద బోర్లిస్తున్నారు. రెండోదాని తలుపు వేసేశారు. రొట్టెల దుకాణం ఒంటిగంటకే మూసేశారు. తిరుగు రైలు ఆరింటికి. స్టేషను బయట బల్ల మీద కూర్చుని, మా అమ్మ కట్టిచ్చిన డబ్బాలో అడుగున మిగిలిన జంతికలు తిన్నాం. చెరి నాలుగు వచ్చాయి. ఆ మూడున్నర గంటల్లో మీ పెదనాన్నగారు నాతో మాట్లాడిన మాట ఒక్కటే: "నీళ్ళున్నాయా?"

అప్పటి నుంచి మా ఇంట్లో ఒకటే లెక్క. పన్నెండున్నరకు బల్ల దగ్గర కూర్చోగలిగితేనే ఆ ప్రయాణం పెట్టుకుంటాం, లేకపోతే మానేస్తాం. ఇక్కడి చిన్న ఊళ్ళలో వంటగది పన్నెండుకు తెరుచుకుంటుంది, రెండు కాకముందే పొయ్యి ఆరిపోతుంది. మళ్ళీ రాత్రి ఏడు తర్వాతే. ఆదివారం రాత్రి, సోమవారం చాలాచోట్ల అసలు ఉండదు. మన దగ్గరలా ఎప్పుడు వెళ్ళినా వేడిగా రెండు ఇడ్లీలు పెట్టే మనిషి ఉంటాడనుకోకు. పదకొండుకల్లా ఊరు చేరండి. సంత ఉంటే ఒక చుట్టు తిరగండి, అక్కడ కుప్పలుగా పోసి ఉన్నదే మధ్యాహ్నం పళ్ళెంలోకి వస్తుంది. తిన్నాక చీకటి పడేదాకా నడవండి. ఆదివారం భోజనానికైతే రెండు రోజుల ముందే ఫోను చేసి బల్ల చెప్పి ఉంచాలి. ఆ రోజు ఇక్కడ తాతల నుంచి మనవళ్ళ దాకా ఇంటిల్లిపాదీ బయటే తింటారు.

అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. ఆ తర్వాత సాయంత్రం అయిదున్నరకే దీపాలు పెట్టాలి. అంటే భోజనం ఆలస్యమైతే మీకు పగలే మిగలదు. మనకు ఆకులు రాలేది శిశిరంలో. ఇక్కడ ఆశ్వయుజం నడుస్తుండగానే చెట్లు పసుపెక్కి, కార్తికానికి దులుపుకుంటాయి. మా అమ్మకు ఉత్తరంలో అది రాస్తే "పంచాంగం మార్చుకో" అని జవాబు రాసింది.

ఇక అల్లుడుగారి సంగతి. మాంసం, చేప ముట్టరు, గుడ్డు తింటారని మీ అమ్మ చెప్పింది. నువ్వు చేపలు, రొయ్యలు వదలవు. మంచిదే, ఇద్దరికీ ఏదో ఒకటి దొరుకుతుంది. కానీ "మాంసం తినం" అని చెప్పి ఊరుకుంటే సరిపోదు. లార్డోన్లని ఉప్పు పట్టించిన పంది మాంసం ముక్కలుంటాయి, మన పోపులా అన్నింట్లో వేస్తారు. వాటిని మాంసం కిందే లెక్కెయ్యని వంటవాళ్ళు నాకు చాలామంది తగిలారు. ఉల్లిపాయల సూపు పేరుకే ఉల్లిపాయలది, అడుగున ఉండేది మామూలుగా గొడ్డు మాంసం మరిగించిన రసం. బుర్గోన్‌లో "మోరెత్" అని గుడ్లు పెడతారు. గుడ్డే కదా అని తెప్పించుకుంటే అది ఎర్ర వైన్ పులుసులో, లార్డోన్ల మధ్య తేలుతూ వస్తుంది. కాబట్టి వద్దనుకున్నవి ఒక్కొక్కటి పేరు పెట్టి చెప్పండి: మాంసం, లార్డోన్లు, చేప, మాంసం రసం. లోపలికి అడుగు పెట్టగానే ముందు బోంజూర్ అని పలకరించండి. అది మరిచి అడిగిన ప్రశ్నకు ఈ దేశంలో మంచి జవాబు రాదు.

ఆయన నిశ్చింతగా తినదగినవీ లేకపోలేదు. గుజేర్ అని చీజు వేసి పొంగించిన ఉండలు, వేడి మీద తింటే మన పునుగులు గుర్తొస్తాయి. దోఫినె పద్ధతిలో పాలూ మీగడా పోసి కాల్చిన ఆలుగడ్డలు. శరత్తులో అయితే పోతిమరోన్ సూపు. అది ఎర్రటి చిన్న గుమ్మడికాయ, చెస్ట్‌నట్ రుచి, తొక్క తీయనక్కర్లేదు. చీజు గురించి ఒక మాట. కోంతే లాంటి పాత రకాలను దూడ పొట్టలోంచి తీసే రెనెట్‌తో తోడు పెడతారు. అది పట్టింపు అనుకుంటే ఇంట్లోనే ఇద్దరూ తేల్చుకోండి, వడ్డించే మనిషి నిలబడి ఉండగా కాదు. మంచినీళ్ళకు డబ్బు ఇవ్వకండి. "కారాఫ్" నీళ్ళు అంటే కుళాయి నీళ్ళు కూజాలో ఉచితంగా తెచ్చి పెడతారు. బిల్లులో సేవకు కూడా కలిపే ఉంటుంది, పైన ఇవ్వడం మీ ఇష్టం.

రైళ్ళ గురించి క్లుప్తంగా. పారిస్ చుట్టుపక్కల రైళ్ళకు చెల్లే నెలవారీ నవిగో పాసు మీకు ఎలాగూ ఉంది. ఫాంటెన్‌బ్లోకు, మధ్యయుగపు కోట గోడలున్న ప్రొవాన్‌కు అదే చెల్లుతుంది. దూరాలకు ఆవాంతాజ్ కార్డు తీసుకో. ఏడాదికి 49 యూరోలు. వారాంతంలో రానూపోనూ ప్రయాణమైతే కార్డు ఉన్నవారికే కాదు, వెంట వచ్చే ఒకరికి కూడా 30 శాతం తగ్గిస్తారు. ఇద్దరూ కొనకండి, ఒకటి చాలు. నవంబరు 1న వచ్చే తూసాన్ పండుగకు బడి సెలవులు రెండు వారాలు, అక్టోబరు రెండో సగంలో మొదలవుతాయి. అప్పుడు టిక్కెట్ల ధరలు చూస్తే దడ పుడుతుంది. ఆ రెండు వారాలూ, మా డిజోన్ తప్పితే, నవిగోతో వెళ్ళగలిగిన చోట్లకే వెళ్ళండి.

ఫాంటెన్‌బ్లోకు పారిస్‌లోని గార్ ద లియోన్ స్టేషను నుంచి నలభై నిమిషాలు. అందరూ రాజభవనం చూసి వచ్చేస్తారు. మీరు అడవిలోకి వెళ్ళండి, ఇసుకరాతి బండల మధ్య ఓక్ చెట్లు రాగి రంగుకు తిరిగి ఉంటాయి. మెరిసే నారింజ రంగు చొక్కా వేసుకోండి, ఇది వేటగాళ్ళ కాలం. పుట్టగొడుగులు ఏరకండి. సంతలో సెప్ అనే రకం కొనుక్కుని వెన్నా వెల్లుల్లితో వేయించుకోండి, ప్రాణానికి హాయి.

చెస్ట్‌నట్‌లు ఏరే ముందు మాత్రం ఈ కథ వినండి. మీ పెదనాన్నగారు పార్కులో చెట్టు కింద నిగనిగలాడే గింజలు చూశారు. వాటి పేరు మరోన్ దాంద్, అంటే ఇండియా చెస్ట్‌నట్. "మన దేశం పేరు పెట్టుకున్న కాయ మనల్నేం చేస్తుంది?" అన్నారు. ఆ చెట్టు బాల్కన్ కొండలది, పేరు మాత్రం పొరపాటున మన నెత్తిన పడిందని తర్వాత తెలిసింది. రెండు కిలోలు ఏరుకొస్తే ఉప్పేసి కుక్కరులో పెట్టాను. ఏదో అడగడానికి వచ్చిన పక్కింటి ముసలావిడ చూసి, గిన్నె లాక్కుని చెత్తబుట్టలో గుమ్మరించింది. అవి విషం. తినే రకానికి పైతొక్క ముళ్ళపందిలా సన్నటి ముళ్ళతో గుబురుగా ఉంటుంది, లోపల రెండు మూడు గింజలు, గింజ కొసన చిన్న కుచ్చు. తినకూడని దానికి మొద్దు ముళ్ళు దూరదూరంగా, లోపల మామూలుగా గుండ్రటి గింజ ఒకటే. ఆకు మన బూరుగాకులా వేళ్ళు చాపినట్టు ఉంటే అక్కడి నుంచి కదలండి. కాల్చేటప్పుడు ప్రతి గింజకూ కత్తితో కాటు పెట్టాలి, లేకపోతే దీపావళి మీ వంటింట్లోనే.

తూర్పు సరిహద్దున ఉన్న అల్సాస్ ప్రాంతానికి అక్టోబరు మొదట్లో వెళ్ళండి. అందరూ డిసెంబరు క్రిస్మస్ సంతలకు ఎగబడతారు, అప్పుడు భుజాలు తప్ప ఏమీ కనిపించవు. స్ట్రాస్‌బర్గ్ పారిస్ నుంచి గంటా ముప్పావు, అక్కడి నుంచి కోల్మార్ అరగంట పైన. ద్రాక్ష కోత అయిన కొత్తలో అక్కడ కొత్త వైన్ అమ్ముతారు. ఇంకా పులుస్తూనే ఉంటుంది, మబ్బుగా, తియ్యగా, నాలుక మీద చురుక్కుమంటూ. గోదావరి జిల్లాల వాళ్ళకు వేరే వివరణ ఎందుకు, పొద్దుటి తాటికల్లు అనుకో. తోడుగా కొత్త అక్రోట్లు ఇస్తారు. సీసాలోంచి గాలి పోవాలని మూత బిగించరు, అందుకని నిలబెట్టే తేవాలి. పడుకోబెట్టి సంచిలో పెట్టిన మనిషి మా ఇంట్లోనే ఉన్నాడు. ఆయన ఉన్ని కోటు ఇప్పటికీ వానకు తడిస్తే పులిసిన వాసన వేస్తుంది. మీగడా ఉల్లిపాయలూ పరిచి పల్చగా కాల్చే తార్త్ ఫ్లాంబే అక్కడి వంట. లార్డోన్లు లేకుండా, పుట్టగొడుగులు వేసి అడిగితే చేసిస్తారు. రిక్‌విర్, ఎగిషేమ్, కైజర్స్‌బర్గ్ మూడూ నీ పట్టికలో ఒకే రోజున ఉన్నాయి. ఒక్కటి ఉంచు.

లువార్ నది లోయలోని కోటలు నువ్వు అయిదు రాశావు. మూడోదాని దగ్గర మీ ఇద్దరికీ రాజుల పేర్లు కలిసిపోతాయి. షెనోన్సో చాలు. టూర్ నుంచి చిన్న రైలు అరగంటలోపే కోట గేటు పక్కనే దింపుతుంది. షేర్ నది మీద వంతెనలా కట్టిన కోట అది. పై అంతస్తుల్లో మంచాలూ తెరలూ చూసి కాళ్ళు నొప్పి పుట్టించుకోకుండా ముందు కిందకు దిగు. వంటగది వంతెన స్తంభాల లోపల ఉంటుంది, గోడల నిండా రాగి గిన్నెలు. వంటసామాను పడవల మీద ఆ కిటికీల దగ్గరికే వచ్చేది. నాకు ఆ కోటలో అసూయ పుట్టించింది ఆ గది ఒక్కటే.

సముద్రం కావాలంటే త్రూవిల్. కోకీ సాఁ జాక్ అనే పెద్ద గుల్లల వేట అక్టోబరు 1న మొదలవుతుంది. చేపల అంగళ్ళ ముందే నిలబడి తినవచ్చు. అల్లుడుగారికి ఆ పూట ఆపిల్ తార్త్. లియోన్‌ను ఈ ఏడాదికి కొట్టేయి. అక్కడి బూషోన్లనే భోజనశాలల్లో పేగుల నుంచి కాళ్ళ దాకా వండుతారు, ఆయన ముఖం చూస్తూ నువ్వు తినలేవు.

నవంబరు 1 తూసాన్. మా యానాం వాళ్ళకు అదో వింత తేదీ. 1954లో పుదుచ్చేరితో పాటు మా ఊరి పాలన ఫ్రెంచివారి చేతిలోంచి భారతదేశానికి వచ్చింది ఆ రోజునే. ఇక్కడ మాత్రం పోయినవారిని తలుచుకునే రోజు. దుకాణాలన్నీ చామంతి కుండీలతో పచ్చగా ఉంటాయి. పచ్చటి చామంతులు కనిపిస్తే మన చెయ్యి ఊరుకుంటుందా? నేనూ ఒక కుండీ కొని, భోజనానికి పిలిచిన వారింటికి పట్టుకెళ్ళాను. ఆవిడ తలుపు తీసి కుండీ వంక, నా వంక చూసింది. ఇక్కడ చామంతులు సమాధుల మీద పెట్టే పూలు. నువ్వు ఎవరింటికి వెళ్ళినా మిఠాయి పట్టుకెళ్ళు. ఆ రోజున మటుకు ఏదైనా పాత శ్మశానం పక్కగా నడిచి చూడండి, భయపడక్కర్లేదు. కార్తిక దీపాల వరసలు చూసినట్టే ఉంటుంది.

ప్రతి వారం వెళ్ళకండి. మూడు వారాలకు ఒక శనివారం ఇంట్లో ఉండి పోతిమరోన్‌తో గుమ్మడికాయ పులుసు పెట్టుకుని మధ్యాహ్నం నిద్రపోండి. టిక్కెట్ల పూచీ ఒకరిది, భోజనం పూచీ ఒకరిది. రెండూ ఒకరి నెత్తినే వేస్తే రైలు మారే స్టేషనులో పోట్లాట తప్పదు.

మిగిలింది మా డిజోన్. అక్టోబరు మూడో శనివారం రండి. అప్పటికి ఇక్కడి నుంచి బోన్ దాకా ద్రాక్షతోటలు పసుపూ తుప్పు రంగూ కలిసి దుప్పటి పరిచినట్టు ఉంటాయి. ఆదివారం బోన్ తీసుకెళతాను, రైలులో ఇరవై నిమిషాలు. 1443లో నికొలా రోలిన్ పేదలకోసం పెట్టిన ఆసుపత్రి చూద్దాం. రంగురంగుల పెంకుల కప్పు, ఎర్ర తెరల మంచాల వరస. 1971 దాకా అక్కడ నిజంగా రోగులు ఉండేవారు. నవంబరు మూడో ఆదివారం ఆ ఆసుపత్రి తోటల వైన్ వేలం వేస్తారు, ఆ వారం మాత్రం ఊళ్ళో గది దొరకదు. శనివారం డిజోన్ సంతలో ఆవముద్ద రుచి చూపిస్తాను. అది చేసే ఆవాలు మన ఆవకాయలో వేసే జాతివే, కాబట్టి ముక్కుకు ఎక్కడం మీకు కొత్త కాదు. తర్వాత నోత్ర్‌దామ్ చర్చి గోడ మీద రాతి గుడ్లగూబ. దాన్ని ఎడమచేత్తో తాకి కోరిక కోరుకోవాలట. గుడ్లగూబ, పైగా ఎడమచెయ్యి! మా అమ్మ వింటే నన్ను గుమ్మం తొక్కనిచ్చేది కాదు. నలభై ఏళ్ళుగా ఆ దారిన వెళ్ళినప్పుడల్లా తాకుతూనే ఉన్నాను. ఏం కోరుకున్నానో మీ పెదనాన్నగారిక్కూడా చెప్పలేదు.

వచ్చేటప్పుడు లా షాపెల్ దగ్గరి తమిళుల కొట్లో కరివేపాకు రెండు కట్టలు, మునక్కాడలు దొరికితే నాలుగు తీసుకురా. పదకొండు లోపు దిగే రైలు చూసుకో. అన్నం పన్నెండున్నరకే వడ్డిస్తాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ