ఎఫ్‌డీ ‘ఖాళీగా’ ఏమీ లేదు

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక పెస్ట్ కంట్రోల్ కంపెనీలో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. ఇప్పుడు సూపర్‌వైజర్‌ని. జీతం రూ.38,000, ఇంటి ఖర్చు రూ.30,000. కెమిస్ట్రీతో బీఎస్సీ చదివాను. ఇంట్లో అమ్మ, భార్య, ఇద్దరు పిల్లలు. వచ్చే నెల ఉద్యోగం మానేసి సొంతంగా పెట్టాలనుకుంటున్నాను. ఖాళీగా ఉన్న రూ.3 లక్షల ఎఫ్‌డీ తీసేసి, తెలిసినాయన దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి ఇంకో రూ.4 లక్షలు తెస్తాను. వ్యాన్, మెషీన్లు కొని ఇద్దరు కుర్రాళ్లను పెట్టుకుంటాను. లైసెన్సు సంగతి పని మొదలయ్యాక చూసుకుందామనుకుంటున్నాను. సరేనంటారా?

జవాబు: సరేననలేను. పని మీకు బాగా తెలుసు. చెదల పనికి ఎక్కడ డ్రిల్ చేయాలో, బొద్దింకలకు జెల్ ఎక్కడ పెట్టాలో నేను చెప్పక్కర్లేదు. కానీ ‘ఖాళీగా ఉన్న ఎఫ్‌డీ’ అన్నారు చూడండి, అక్కడే ఆగిపోయాను. సొంత వ్యాపారం పెట్టాలనుకునేవాళ్లు చాలామంది ఇదే మాట రాస్తారు. ఆ రూ.3 లక్షలు ఖాళీగా లేవు. ఐదుగురున్న ఇంటికి పది నెలల తిండి, అద్దె, స్కూలు ఫీజు అవి. జీతం ఆగిపోయే రోజు కోసమే ఆ డబ్బు. మీరేమో సరిగ్గా జీతం ఆగిపోయే రోజునే దాన్ని మెషీన్లలో పెట్టేస్తానంటున్నారు.

కష్టకాలానికి పక్కన ఉంచాల్సిన అత్యవసర నిధి లెక్క వేద్దాం. ఇంటికి ఆరు నెలల ఖర్చు రూ.1,80,000. వ్యాపారానికి ఇద్దరు కుర్రాళ్ల జీతాలు, గది అద్దె, పెట్రోలు, మందులు కలిపి నెలకు రూ.48,000 అనుకున్నా, మూడు నెలలకు రూ.1,44,000. మొత్తం రూ.3,24,000. అంటే మీ ఎఫ్‌డీ అత్యవసర నిధికే చాలడం లేదు. పెట్టుబడికి అందులోంచి తీయడానికి రూపాయి కూడా లేదు.

మీ పనిలో డబ్బు వచ్చే తీరు కూడా మీకు తెలిసిందే. వానలు పడితే చెదలు, దోమలు, ఫోన్లు ఆగవు. ఆ తర్వాత చేతిలో పని తగ్గే నెలలుంటాయి. ఆఫీసులు, హోటళ్లు బిల్లు ఇచ్చిన రోజే డబ్బు ఇవ్వవు. అపార్ట్‌మెంట్ సొసైటీ నుంచి ఏఎంసీకి, అంటే ఏడాది పొడవునా చేసే పని ఒప్పందానికి, రూ.24,000 ముందే వచ్చిందనుకోండి, అందులో ఈ నెల మీది రూ.2,000 మాత్రమే. మిగతాది ఇంకా చేయని పనికి తీసుకున్న డబ్బు. చెదల పనికి ఐదేళ్ల గ్యారంటీ రాసిస్తే మూడో ఏట మళ్లీ చెదలు కనిపించినప్పుడు మందు, కూలీ మీరే పెట్టుకోవాలి. అందుకే చెదల బిల్లు వచ్చిన ప్రతిసారీ పదో వంతు పక్కన వేరే ఖాతాలో వేయండి. ఇంటి నిధి వేరు, వ్యాపార నిధి వేరు. రెండూ ఒకే ఖాతాలో ఉంటే కష్టం వచ్చిన నెలలో పిల్లల ఫీజు డబ్బుతో మందులు కొంటారు.

ఇక మూడు రూపాయల వడ్డీ. ఈ మాట చదివి నిజంగా బాధేసింది. రూ.4 లక్షలకు నెలకు రూ.12,000. ఏడాదికి రూ.1,44,000 కట్టినా అసలు రూ.4 లక్షలు అలాగే ఉంటుంది. ఏడాదికి 36 శాతం కట్టి నిలబడేంత లాభం మొదటి ఏడాది ఏ చిన్న వ్యాపారంలో వస్తుంది? తెలిసినాయనే కావచ్చు, వద్దు. అప్పు కావాలంటే చిన్న వ్యాపారాలకు బ్యాంకులిచ్చే ముద్ర రుణంలో కిశోర్ విభాగం రూ.5 లక్షల వరకు ఉంది, దానికే వెళ్లండి. సొంత ఉపాధికి సబ్సిడీతో రుణమిచ్చే కేంద్ర పథకం పీఎంఈజీపీ కూడా ఉంది కానీ, సబ్సిడీ మూడేళ్లు బ్యాంకులోనే ఉండిపోతుంది, దాన్ని చేతి డబ్బుగా లెక్కేయకండి.

లైసెన్సు తర్వాత చూసుకునేది కాదు. 1968 కీటకనాశినుల చట్టం, 1971 నిబంధనల ప్రకారం వాణిజ్యపరంగా ఈ పని చేయాలంటే ముందే లైసెన్సు ఉండాలి. వ్యవసాయ డిగ్రీ గానీ, కెమిస్ట్రీ ఉన్న సైన్స్ డిగ్రీ గానీ, దాంతోపాటు గుర్తింపు పొందిన సంస్థలో కనీసం 15 రోజుల శిక్షణ ధ్రువపత్రం కావాలి. డిగ్రీ మీకుంది. శిక్షణకు దూరం పోనక్కర్లేదు, రాజేంద్రనగర్‌లో జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ (ఎన్‌ఐపీహెచ్‌ఎం) ఉంది. సెలవు పెట్టి పూర్తి చేయండి. మందులు నిల్వ చేయడానికి విడిగా గది చూపించాలి, ఇంట్లో వంటసామాను పక్కన పెడితే కుదరదు. అంటే ఆదాయం మొదలవకముందే అద్దె మొదలవుతుంది. అత్యవసర నిధి ఉండాలని నేను పట్టుబట్టేది ఇలాంటి నెలల కోసమే. ఫ్యూమిగేషన్‌కు, అంటే విషవాయువుతో పురుగులను చంపే పనికి, వేరే అనుమతి ఉంటుంది. ఇళ్లలో అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు వాడమని ఎవరు అడిగినా ఒప్పుకోకండి, ప్రాణాలు పోతాయి.

లైసెన్సు లేకుండా పనిచేసి ఏదైనా జరిగితే బీమా కంపెనీ కూడా చెయ్యిచ్చే అవకాశం ఉంది. బీమా మాట వచ్చింది కాబట్టి: ఉద్యోగంలో చివరి రోజుతో మీ కంపెనీ గ్రూప్ ఆరోగ్య పాలసీ పోతుంది. అమ్మకు బీపీ, షుగర్ లాంటివి ఉంటే కొత్త పాలసీలో వాటికి మూడేళ్ల దాకా నిరీక్షణ కాలం ఉండొచ్చు. కాబట్టి ఉద్యోగంలో ఉండగానే కుటుంబానికి రూ.10 లక్షల ఆరోగ్య బీమా, పేస్లిప్పులు చేతిలో ఉండగానే మీ పేరున రూ.75 లక్షల టర్మ్ పాలసీ తీసుకోండి. మందు కొట్టే కుర్రాడికి ఏమైనా అయితే పరిహారం ఇవ్వాల్సింది మీరే, ఆ పరిహారాన్ని భరించే బీమా పాలసీ లేకుండా ఒక్క రోజు కూడా పనికి పంపకండి. కస్టమర్ ఇంట్లో నష్టం జరిగితే ఆదుకునే థర్డ్ పార్టీ లయబిలిటీ పాలసీ కూడా అడగండి.

ఏడాది ఆగండి. నెలకు మిగిలే రూ.8,000 కదపకుండా ఉంచితే రూ.96,000 అవుతుంది, ఎఫ్‌డీతో కలిపి రూ.3,96,000. బీమా ప్రీమియాలు ఇందులోంచే పోతాయి, కాబట్టి ఇంటి ఖర్చు కొంత తగ్గించక తప్పదు. ఇద్దరికి బదులు ఒక్క కుర్రాడితో మొదలుపెడితే వ్యాపార ఖర్చు నెలకు రూ.32,000కు దిగుతుంది. అప్పుడు అత్యవసర నిధికి రూ.2,76,000 చాలు. పెట్టుబడికి రూ.1,20,000 దాకా మిగులుతుంది, పైన ముద్ర రుణం. చిన్న వ్యాపారాలకు కేంద్రం చేసే ఉద్యమ్ నమోదు ఉచితం, అది చేయించుకుంటే బిల్లులు 45 రోజులు దాటకుండా అడిగే హక్కు ఉంటుంది. ఏడాది టర్నోవర్ రూ.20 లక్షలు దాటేదాకా జీఎస్టీ గురించి టెన్షన్ పడకండి.

వ్యాన్ ఇప్పుడే వద్దు. వీపుకు తగిలించుకునే నాప్‌శాక్ స్ప్రేయర్, జెల్ గన్, డ్రిల్ మెషీన్ బైక్ మీద పడతాయి. పెద్ద చెదల పని దొరికిన రోజు ఆటో ట్రాలీ మాట్లాడుకోండి, ఆ కిరాయి కూడా కొటేషన్‌లోనే వేయండి.