కొత్త దేశానికి పోస్ట్‌కోడ్ రాయబోతున్న శ్రావణికి

చి. శ్రావణికి, పెదనాన్న ఆశీస్సులు.

మీ టీమ్‌కి ఒక చిన్న దేశపు పోస్ట్‌కోడ్ తయారుచేసే పని వచ్చిందని, అందులో సెక్యూరిటీ నీకు అప్పగించారని మీ నాన్న చెప్పాడు. రైల్వే మెయిల్ సర్వీస్ (ఆర్‌ఎంఎస్)లో ఉత్తరాల సార్టింగ్ చేస్తూ రిటైరైనవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

ముందు మన పిన్‌కోడ్‌నే శ్రద్ధగా చదువు. శ్రీరామ్ భికాజీ వేలంకర్ అనే అధికారి రూపొందించగా 1972 ఆగస్టు 15న అమల్లోకి వచ్చింది. ఒకే పేరున్న ఊళ్లు ఎన్నో, చిరునామాలు రాసే లిపులూ ఎన్నో. అవన్నీ చదవలేని సార్టర్‌కి ఆరు అంకెలతో పని జరగాలి. మొదటి అంకె జోన్, మొదటి మూడూ కలిపితే సార్టింగ్ జిల్లా, చివరి మూడు డెలివరీ పోస్టాఫీసు. దూరాన బస్తా కట్టేవాడికి ముందు అంకెలు చాలు, మిగతావి అక్కడివాళ్లు చూసుకుంటారు. ఏ చేతికి ఎన్ని అంకెలు కావాలో తేల్చాకే కోడ్ పొడవు నిర్ణయించండి.

కోడ్‌లో జిల్లా సరిహద్దులు ఇరికించకండి. యానాం పుదుచ్చేరిది, అయినా దాని పిన్‌కోడ్ 533464. చుట్టూ ఉన్న గోదావరి ఊళ్ల 533 లోనే ఉంటుంది, ఉత్తరం వెళ్లే దారి అదే కనుక. 2014లో రాష్ట్రం విడిపోయినా, 2016లో తెలంగాణలో పది జిల్లాలు 31 అయినా ఇళ్ల పిన్‌కోడ్‌లు మార్చాల్సిన అవసరం రాలేదు.

మన పిన్‌కోడ్‌లో నాకు బాధ కలిగించే లోపం ఒకటుంది. 520001 విజయవాడ. రెండు అంకెలు తారుమారైతే 502001, అది సంగారెడ్డి. రెండూ సరైన కోడ్‌లే కాబట్టి ఏ యంత్రమూ తప్పు పట్టదు. ఆధార్‌లో మిగతా అంకెల నుంచి లెక్కగట్టే చివరి అంకె ఇలాంటి తప్పులు పట్టడానికే ఉంది. మీరూ అలాంటిది మొదట్లోనే పెట్టండి, జనం వాడకంలోకి వెళ్లాక అతికించడం మహా కష్టం. అక్షరాలు వాడితే అంకెల్లా కనిపించేవి తీసేయండి. ఐఐటీ హైదరాబాద్, ఇస్రో వాళ్ల రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్‌ఆర్‌ఎస్‌సీ)లతో కలిసి తపాలా శాఖ తెచ్చిన డిజిటల్ చిరునామా కోడ్ డిజిపిన్ పదహారు గుర్తులతోనే నడుస్తుంది. వాటిలో సున్నా, ఒకటి, ఓ, ఐ లేవు.

డిజిపిన్ దాదాపు నాలుగు మీటర్ల గడికి ఒక కోడ్ ఇస్తుంది. ఐర్లాండ్‌లో 2015 నుంచి ప్రతి ఇంటికీ వేరే కోడ్ ఉంది. కోడ్ ఇంత సన్నబడిన కొద్దీ అది మనిషి ఆనవాలు అవుతుంది. అమెరికాలో ఐదంకెల జిప్‌కోడ్, పుట్టినతేదీ, ఆడా మగా అన్న వివరం, ఈ మూడూ కలిస్తే 87 శాతం మందిని విడిగా గుర్తుపట్టే వీలుందని లతాన్యా స్వీనీ అనే పరిశోధకురాలు 2000లో లెక్కగట్టింది. మరోపక్క, పోస్ట్‌కోడ్ ప్రతి కవరు మీదా ఉండేదే. దాన్ని చెప్పగలిగినంత మాత్రాన ఆ ఇంటి మనిషే అని మీ సిస్టమ్ ఎన్నడూ నమ్మకూడదు.

ఇక ఉద్యోగుల లాగిన్‌లు. పాస్‌వర్డ్ సరిపోతే చాలనుకోకుండా ప్రవర్తన కూడా చూస్తామంటున్నారట, మంచిదే. ఒక పోస్ట్‌మ్యాన్ లాగిన్ తన బీట్‌లో లేని వీధుల చిరునామాలు వరసగా తిరగేస్తుంటే ఆపాల్సిందే. కానీ ‘రాత్రి రెండింటికి లాగిన్ అయితే అనుమానం’ అని రూల్ రాశారనుకో, ఆర్‌ఎంఎస్ మొత్తం దొంగలవుతాం, మా డ్యూటీ సగం రాత్రే కదా! పండగ ముందు పార్సిళ్లు ముంచెత్తినా, సెలవులో ఉన్నవాడి బీట్ ఇంకొకడు చూసినా లెక్కలు తారుమారవుతాయి. అందుకే ఏ ఉద్యోగానికి ఏది మామూలో ఆ పని చేసేవాళ్లనే అడిగి రాసుకోండి. అనుమానం రాగానే తలుపు మూసేయకుండా ఇంకో రుజువు అడగండి, లేదా పోస్ట్‌మాస్టర్ ఓకే చేసేలా పెట్టండి. పోస్ట్‌మ్యాన్ ఎక్కడెక్కడ తిరిగాడో ఆ రికార్డు అవసరం తీరగానే చెరిపేయాలి. అతని బతుకంతా మీ సర్వర్‌లో ఉండనక్కర్లేదు.

అన్నిటికంటే గట్టి కాపలా చిరునామా మార్పు దగ్గర ఉండాలి. ఒకరి ఉత్తరాలు తన ఇంటికి మళ్లించుకున్నవాడికి బ్యాంకు కార్డులూ చెక్‌బుక్కులూ అన్నీ చిక్కుతాయి. అమెరికా తపాలావాళ్లు మార్పు అడగగానే పాత చిరునామాకి కూడా ఒక ఉత్తరం పంపుతారు. మీరూ అది తప్పనిసరి చేయండి, ఫోన్‌కి మెసేజ్ పంపాం కదా అని వదిలేయకండి. డ్రాఫ్ట్ తయారయ్యాక ఆ భాగం నాకు పంపు, చదివి చెబుతాను.

ఇట్లు,
పెదనాన్న